పెట్టె కింద చెప్పు ముక్కలు

ఏడెనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉండాది. మింగలేను, కక్కలేను. అన్నం తింటుంటే గుర్తొస్తాది, షాపులో సోల్డరింగు పెడుతుంటే గుర్తొస్తాది, చర్చిలో కళ్ళు మూసుకుంటే మరీ గుర్తొస్తాది. దేవుడికి చెప్పుకోవచ్చు గదా అంటారేమో. చెప్పుకున్నాను. ఆయనకు ముందే తెలుసు గాబట్టి ఆయనకు చెప్పడంలో నాకేం కష్టం లేదు. తెలియనోళ్ళకు చెప్పడమే కష్టం. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీకు చెబుతుండాను. మధ్యలో విసుక్కుంటే ఏమీ అనుకోవద్దు. ఆ విసుగంతా నా మీదే.

ఆత్మకూరులో బస్టాండుకు దగ్గర్లో నాకు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే షాపు ఉండాది. ఊరి పేరు చెప్పినాను, ఇంక నా పేరు అడగొద్దు. ఆ పని చేసేవాళ్ళు ఊళ్ళో ముగ్గురో నలుగురో ఉండారు, వాళ్ళలో ఎవరో ఒకణ్ణి అనుకోండి.

నాకు సౌండు పిచ్చి. పిచ్చి అంటే మామూలు పిచ్చి కాదు. పెళ్ళయిన కొత్తలో మద్రాసు పోయి, మా ఇంటామెకు చీర తెస్తానని చెప్పి, రెండు పెద్ద స్పీకర్లు తెచ్చుకున్నాను. ప్లైవుడ్డు కోయించి నేనే పెట్టెలు చేసినాను. లోపల దూది పెట్టినాను. తీరా పాట పెడితే బాసు వచ్చినప్పుడల్లా బుయ్యిమని ఒకటే మోత. ఎన్ని రోజులు కొట్టుకున్నానో! స్పీకరు మార్చినాను, వైరు మార్చినాను, ఆంప్లిఫయరు ఊడదీసి మళ్ళీ బిగించినాను. చివరికి మద్రాసు నుంచి తెచ్చుకున్న ఒక పాత ఇంగ్లీషు పత్రికలో అసలు సంగతి దొరికింది. తప్పు పెట్టెలో లేదు. పెట్టె కింద ఉండాది. పెట్టె అదిరితే దాని కిందుండే చెక్క అదురుతాది, చెక్క అదిరితే చెక్క మీదుండే డబ్బాలు, సీసాలు, మేకులు అన్నీ అదురుతాయి. మనం వినేది పాట కాదు, ఆ సామాన్ల గోల. పెట్టె పాడాల, దాని కిందుండేది నోరు మూసుకోవాల. హైఫై అంటే సగం అంతే.

ఆ పత్రికలో వేసిన రబ్బరు దిమ్మెలు మనకు యాడ దొరుకుతాయి? అందుకని హవాయి చెప్పులు తెచ్చి, మడమ దగ్గర మందంగా ఉండేచోట నాలుగు ముక్కలు కోసినాను. చెక్క బల్ల మీద కడప బండ, బండ కింద నాలుగు చెప్పు ముక్కలు, బండ మీద పెట్టె. అంతే. బుయ్యి పోయింది. తబలా మీద వేలు పడితే వేలు వినపడింది. ఆ రోజు నేను ఏడ్చినంత పని చేసినాను. మా ఇంటామె మటుకు వాకిట్లోకి పోయి, "నా చెప్పులు యాడికి పోయినాయి?" అని వీధంతా వినపడేలా అరిచింది.

ఇక చూడండి. షాపుకు ఎవడొచ్చినా వాడికి ఈ పాఠం చెప్పకుండా వదిలేవాణ్ణి కాదు. "పెట్టె పక్కన చెయ్యి పెట్టి చూడు, బల్ల మీద చెయ్యి పెట్టి చూడు, బల్ల అదురుతుందా లేదా?" అని వాళ్ళ చేతులు పట్టుకుని లాగేవాణ్ణి. "పాట వినమని పిలిచి బల్ల పట్టుకోమంటావేందిరా" అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. ఈ చుట్టుపక్కల ఈ సంగతి తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. ఆ పొగరు నాకు బాగా ఉండింది. ఇది ఎందుకింతగా చెబుతున్నానంటే, తెలియక చేసినానని మీరు అనుకోకూడదు. నాకు తెలుసు. ఇంకెవరికైనా తెలియదనొచ్చు, నాకు తెలియదనడానికి లేదు.

మా అమ్మ పుట్టిన ఊరు ఉదయగిరికీ వింజమూరుకూ మధ్యన ఒక పల్లె. అక్కడ మావాళ్ళ చర్చి ఉండాది. చిన్నది. చదువుకున్న రోజుల్లో సెలవులన్నీ నేను ఆ చర్చి అరుగు మీదే గడిపినాను. అక్కడ పాట ఎత్తేది యాకోబు మామ. మా అమ్మకు పెదనాయన కొడుకు. పని చూస్తే బేల్దారి. ఆ చర్చిలో సిమెంటు గచ్చు పోసింది కూడా ఆయనే. చదువు రాదు, అక్షరం ముక్క రాదు, పాటల పుస్తకం మొత్తం నోటికి వచ్చు. పాస్టరు అయ్యగారు పాట నంబరు చెబితే చాలు, పుస్తకం తెరిచేవాళ్ళు తెరుస్తుండగానే మామ ఎత్తేసేవాడు. గొంతు చాలా కింద నుంచి వచ్చేది. ఆయన ఎత్తితే ముందు గచ్చు పాడినట్టు ఉండేది, తర్వాత జనం అందుకునేవాళ్ళు. వయసులో ఉండగా బాగా తాగేవాడంట. బాప్తిస్మం తీసుకున్న రోజు మానేసినాడు. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అదే ఆయన కొంప ముంచింది. ఎప్పుడూ తాగనోణ్ణి తాగినాడంటే ఎవరూ నమ్మరు. తాగి మానేసినోణ్ణి మటుకు ఎప్పుడు అన్నా నమ్ముతారు.

తొంభైల మొదట్లో ఆ చర్చికి మైకు సెట్టు పెట్టాలనుకున్నారు. నన్ను పిలిచినారు. ఎగురుకుంటా పోయినాను. ఒక ఆంప్లిఫయరు, ఒక మైకు, నేను చేసిన పెద్ద పెట్టె ఒకటి. శనివారం మధ్యాహ్నం బస్సు టాపు మీద వేసుకుని తీసకపోయినాను.

పెట్టె ఎక్కడ పెట్టాలన్న దగ్గర మొదలైంది గొడవ. సంఘ పెద్ద దావీదు పంతులు. బడిపంతులుగా పని చేసి రిటైరైనాడు, ఇప్పటికీ ఊళ్ళో అందరూ ఆయన క్లాసులోనే కూర్చున్నట్టు మాట్లాడతాడు. "అదిగో, ఆ బీరువా మీద పెట్టు. పిల్లకాయల చేతికి అందదు, అందరికీ కనపడతాది" అన్నాడు. అది దొరల కాలం నాటి చెక్క బీరువా, ప్రసంగం చెప్పే బల్ల పక్కనే ఉంటాది. నేల మీద ఇటుకలు పేర్చి బండ వేసి దాని మీద పెడదామంటే వినలేదు. సరే బీరువా మీదే పెడదాం, ఇయ్యన్నా వేద్దామని సంచిలోనుంచి చెప్పు ముక్కలు తీసినాను.

"ఏందవి?" అన్నాడు.

చెప్పినాను. ఆయన మొహం మాడిపోయింది.

"ఆ బీరువాలో ఏముంటాయో తెలుసునా నీకు? ప్రభువు బల్ల గ్లాసులు ఉంటాయి. వాటి నెత్తిన చెప్పులు పెడతావా?"

"కొత్త చెప్పులే పంతులుగారూ. ఎవరూ తొడగలేదు."

"కొత్తవైతే మటుకు చెప్పులు కాకుండా పోతాయా? బయట విడిచేదాన్ని తెచ్చి బల్ల సామాన్ల మీద పెట్టేదానికి నీకు మనసెట్టా వచ్చింది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అదే వీధిలో సైకిలు షాపు ఉండాది. పోయి పాత ట్యూబు ముక్క అడిగితే ఊరికే ఇచ్చేవాడు. ట్యూబు అయితే పంతులు కాదనేవాడు కాదు. ఐదు నిమిషాల పని. పోలేదు. ఎందుకు పోలేదు? మోగనీ, మోగితే అప్పుడు నా కాళ్ళ దగ్గరికి వస్తారు అనుకున్నాను. నిజం చెబుతుండాను, అదే అనుకున్నాను. ఉత్త చెక్క మీద పెట్టెను దబ్బున పెట్టి, వైర్లు బిగించి వచ్చేసినాను.

మరుసటి రోజు ఆదివారం. చర్చి నిండిపోయింది. ఉదయగిరి వైపు నుంచి ఇంకో రెండు పల్లెల పెద్దలు కూడా వచ్చి కూర్చున్నారు, బాగుంటే వాళ్ళూ పెట్టిస్తారంట. అయ్యగారు ప్రార్థన చేసినాడు, సన్నటి గొంతు, అద్దం మాదిరి వినపడింది. ఆడవాళ్ళు ఒక పాట పాడినారు, బ్రహ్మాండం. నేను మీసం మీద చెయ్యి వేసుకున్నాను. అప్పుడు యాకోబు మామ మైకు ముందరకొచ్చి పాట ఎత్తినాడు.

గర్ర్‌ర్‌మని ఒక మోత. పాట కిందికి దిగినప్పుడల్లా గరగర, గరగర. పైకి పోతే లేదు. బీరువా దగ్గర్నుంచి వస్తున్నట్టు కూడా లేదు. మైకు ఆ మోతను పట్టుకుని పెట్టెలోనుంచి మళ్ళీ పెద్దది చేసి వదులుతుంది గాబట్టి, విన్నోళ్ళకు అది మామ నోట్లోనుంచే వచ్చినట్టు ఉండింది. పిల్లకాయలు కిసకిస నవ్వినారు. మామ ఒక చరణం పాడి ఆగి, గొంతు సవరించుకుని, మళ్ళీ ఎత్తినాడు. మళ్ళీ గరగర.

ఆరాధన అయినాక దావీదు పంతులు అందరి ముందరా అడిగినాడు. "ఏందబ్బయ్యా ఇది? నీ పెట్టెలోనా లోపం?"

ఆ రెండు పల్లెల పెద్దలు నా వైపే చూస్తుండారు. నాకు అప్పటికి గ్లాసుల సంగతి తట్టలేదు, ఒట్టు. కానీ పెట్టె ఉత్త చెక్క మీద ఉండాదని తెలుసు. ముందు అక్కడ చూడాలని తెలుసు. ఆ సంగతి నేను వెయ్యిమందికి చెప్పినాను. అయినా నా నోట్లోనుంచి వచ్చిన మాట ఇది:

"పెట్టెలో ఏం లేదు. మైకు ఉన్నది ఉన్నట్టు చెబుతాది. గొంతులో గరగర ఉంటే గరగరే వినపడతాది."

మామ నా పక్కనే నిలబడి ఉండాడు. ఆయన చెయ్యి గొంతు మీదికి పోయింది. 

తర్వాతి వారం కూడా అట్లాగే మోగిందంట. ఆ పై వారం కూడా. నెల మొదటి ఆదివారం నేను మళ్ళీ పోయినాను. మా చర్చిల్లో నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటాది. రొట్టె, ద్రాక్షరసం. మిగతా వారాలు బీరువాలో తాళం వేసుండే గ్లాసులన్నీ ఆ రోజు తీసి, కడిగి, రసం పోసి, బల్ల మీద పెట్టి తెల్లగుడ్డ కప్పుతారు.

మామ పాట ఎత్తినాడు. గరగర లేదు. ఒక్క చోట కూడా లేదు. ఆ గొంతు అట్టా కింద నుంచి లేచొచ్చి జనం మీద పరుచుకుంది. నేను కూడా పాడుతుండాను. నా వెనకాల కూర్చున్న ఆడమనిషి పక్కనామెతో గుసగుసగా అనింది, "ఈ వారం మందు ముట్టుకున్నట్టు లేదు. బల్ల ఆదివారం గదా, భయపడుంటాడు."

నా పాట నోట్లోనే ఆగిపోయింది. తల ఎత్తి బీరువా చూసినాను. తలుపులు బార్లా తెరిచి ఉండాయి. లోపల ఉత్త చెక్క అరలు. పక్కన బల్ల మీద, తెల్లగుడ్డ కింద, గ్లాసులు. ఓరి దేవుడా! గ్లాసులు. మామ గొంతు కిందికి దిగితే పెట్టె అదిరి, పెట్టె కింద బీరువా అదిరి, బీరువాలో గ్లాసులు ఒకదానికొకటి తగులుకుని మోగుతుండాయి. ఈ రోజు అవి బయట ఉండాయి, అందుకని మోగలేదు.

ఆరాధన అయినాక గ్లాసులు కడిగి బీరువాలో పెట్టి, తాళం వేసి, అందరూ అరుగు మీదికి పోయినారు. వైరు చూడాలని సాకు చెప్పి లోపలే ఉండిపోయినాను. మైకు ఆన్ చేసి, నా గొంతును పట్టినంత కిందికి దించి ఊ అన్నాను. మోగింది. అదే గరగర. నాకే మోగింది. ఇంక అనుమానం ఏముండాది?

బయటికొస్తే దావీదు పంతులు ఎదురొచ్చి నా భుజం మీద చెయ్యి వేసినాడు. "నువ్వు చెప్పిందే నిజం అబ్బయ్యా. గొంతులోనే ఉండాది. తాగిన వారం ఒక గొంతు, తాగని వారం ఒక గొంతు. మైకు పెట్టబట్టి బయటపడింది. నీకు మేలు."

చెప్పేదానికి ఇంతకంటే మంచి అదను ఉంటాదా? "ఏం గాదు పంతులుగారూ, మీరు చెప్పు ముక్కలు వద్దన్నారు, అందుకే మీ గ్లాసులు మోగినాయి" అని ఆయన మొహాన కొట్టినట్టు చెప్పొచ్చు. ఆ మాట అనాలని నెల రోజులుగా కాచుకుని ఉన్నోణ్ణి గదా నేను! కానీ అది చెప్పాలంటే అందరి ముందరా గొంతుదే తప్పు అన్న మాట వెనక్కి తీసుకోవాల. చూడకుండా అన్నాను అని చెప్పాల. ఆ రెండు పల్లెల వాళ్ళు అప్పటికే నన్ను రమ్మని కబురు పెట్టినారు. నేను తల ఊపినాను. ఇప్పటికీ ఆ తల ఊపడం తలుచుకుంటే నా తల నేనే గోడకు కొట్టుకోవాలనిపిస్తాది.

తర్వాత జరగాల్సింది జరిగింది. పెద్దలు కూర్చుని మామను పిలిపించినారు. తాగినానని ఒప్పుకుని, క్షమాపణ అడిగితే, ఒక మాట అని వదిలేస్తామన్నారు. మామ ఒప్పుకోలేదు. "నేను తాగలా. తాగనిదాన్ని తాగినానని దేవుని ముందర ఎట్టా చెప్పేది?" అన్నాడంట. వాళ్ళకు అది మొండితనంగా కనపడింది. పాట ఎత్తొద్దన్నారు. బల్లకు దూరం పెట్టినారు. మీకు ఇది చిన్న సంగతిగా కనిపించొచ్చు. మావాళ్ళలో బల్లకు దూరం పెట్టడమంటే మనిషి బతికుండగానే పక్కకు తీసి పెట్టినట్టు. మామ పాడటం మానేసినాక మళ్ళీ ఆ చర్చిలో గరగర రాలేదు. అంత కింది గొంతు ఇంకెవరికీ లేదు గదా! అది కూడా ఆయన మీద సాక్ష్యమే అయింది.

నెల తర్వాత ఒక పొద్దున మామ ఆత్మకూరు వచ్చినాడు. ఉతికిన పంచె కట్టుకుని, షాపు మెట్టు దగ్గర నిలబడినాడు. ముక్కాలిపీట వేస్తే కూర్చున్నాడు. నీళ్ళిచ్చినాను. తాగి గ్లాసు చేతిలోనే పెట్టుకున్నాడు.

"అబ్బయ్యా, ఒక్క మాట అడిగేదానికి వచ్చినాను. నా గొంతులో నిజంగా ఆ గరగర ఉండాదా? పొలం గట్టున పాడుకున్నా, ఇంట్లో పాడుకున్నా నాకు వినపడటంలా. మీ అత్తకూ వినపడటంలా. నువ్వు చెవి తెలిసినోడివి. టేపులో పట్టి వినిపీ."

కొత్త క్యాసెట్టు విప్పి, మైకు ఆయన ముందర పెట్టినాను. ఆయన కళ్ళు మూసుకుని పాడినాడు. బస్టాండు వైపు పోయేవాళ్ళు ఆగి విన్నారు. మళ్ళీ వెనక్కి తిప్పి నా పెట్టెల్లో పెట్టినాను. ఆ గొంతు, ఆ పెట్టెలు, కింద ఆ కడప బండ. ఏం చెప్పమంటారు? ఒక్క మచ్చ లేదు.

మామ మొహం వెలిగిపోయింది. "ఇందులో లేదు గదా అబ్బయ్యా!"

"టేపులో అంత సన్నంగా పడదు మామా. చర్చిలో మైకు వేరే రకం" అన్నాను.

అబద్ధం. నోరు తడబడకుండా, కన్ను ఆర్పకుండా చెప్పినాను. ఆయన తల వంచుకున్నాడు. అట్టా వంచుకున్నప్పుడు బండ కింద చెప్పు ముక్కలు కనపడినాయి.

"ఏందివి? పెట్టెకు చెప్పులు తొడిగినావా?"

నా జబ్బు చూడండి. అడిగితే చాలు, నోరు ఆగదు. అదురు గురించి, చెక్క గురించి, రబ్బరు గురించి మొత్తం చెప్పినాను. బేల్దారి గదా, ఆయనకు చప్పున అర్థమైంది. దిమ్మిస కొట్టి గచ్చు సరిచేసేవాడికి అదురు ఎట్టా పాకుతాదో ఒకరు చెప్పాలా? వేలితో ఆ ముక్కను నొక్కి చూసి అడిగినాడు:

"మరి మన గుళ్ళో పెట్టెకు ఇవి లేవే?"

నేను స్క్రూడ్రైవరు కోసం వెతుకుతున్నట్టు డబ్బాలో చెయ్యి పెట్టి కెలికినాను. "దానికి అక్కర్లేదు మామా."

ఆయన నా వైపు చూసినాడు.  అర్థమైందా? అర్థమయ్యే ఊరుకున్నాడా? నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినోడు, నేను అబద్ధం చెప్పేటప్పుడు ఎట్టా ఉంటానో ఆయనకు తెలియదా? ఈ ప్రశ్న నన్ను తినేస్తుండాది. "సరే అబ్బయ్యా, నువ్వు చెప్పినాక ఇంకేముండాది" అని లేచి, పంచె దులుపుకుని, ఉదయగిరి బస్సు ఎక్కి పోయినాడు. క్యాసెట్టు నా దగ్గరే ఉండిపోయింది.

ఆ వారమే నేను సర్వీసింగని చెప్పి చర్చికి పోయి, సైకిలు ట్యూబు నాలుగు మడతలు వేసి పెట్టె కింద పెట్టినాను. గ్లాసుల మధ్య గుడ్డలు కూడా దూర్చినాను. ఎవరూ చూడలేదు. దాంతో సరిపోతుందనుకున్నాను, పిచ్చోణ్ణి! దావీదు పంతులు దగ్గరికి పోయి, "మామను ఇంకొక్కసారి పాడనీయండి" అన్నాను. "ఒప్పుకోనీ, ఎన్నిసార్లయినా పాడనీ" అన్నాడు. చెయ్యని తప్పును ఒప్పుకోనని మామ అక్కడ కూర్చున్నాడు. చేసిన తప్పును ఒప్పుకోలేక నేనిక్కడ నిలబడినాను. పంతులు మీద కోపం వస్తాది నాకు, ఇప్పటికీ వస్తాది. ఆయనకేం తెలుసు పాపం? తెలిసినోణ్ణి నేను.

మామ చర్చికి రావడం మానలేదు. అది ఇంకా ఘోరం. వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు, పాటలప్పుడు పెదాలు కూడా కదిపేవాడు కాదు. మొదటి ఆదివారం బల్ల మీద తెల్లగుడ్డ తీసేటప్పుడు లేచి, ఎవరూ చెప్పకముందే బయటికి పోయేవాడు. చర్చి గుమ్మం పక్కన అందరూ విడిచిన చెప్పుల మధ్య నిలబడి, లోపల పంచడం అయిపోయేదాకా అట్లాగే ఉండేవాడు. నేను పోయిన ఆదివారాలన్నీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఆ గుమ్మం వైపు చూసినాను. మూడేళ్ళు అట్టా నిలబడినాడు మనిషి. ఆ తర్వాత జ్వరం వచ్చి, వారం రోజులు మంచం మీద ఉండి, పోయినాడు.

సమాధి కార్యక్రమం చర్చిలో పెట్టేదానికి ఒప్పుకున్నారు. సెట్టు చూసుకోమని నన్ను పిలిచినారు. ఆ క్యాసెట్టు జేబులో వేసుకుని పోయినాను. చెప్పలేనిదాన్ని ఆయన గొంతే చెబుతాదని నా ఆశ. చివరి పాట ఎత్తే మనిషి లేక అందరూ మొహాలు చూసుకుంటుంటే, నేను క్యాసెట్టు పెట్టినాను.

బీరువా మీద పెట్టెలోనుంచి మామ పాడినాడు. గరగర లేదు. పెట్టె ముందరే శవపేటిక. చర్చి అంతా ఏడ్చింది. మరియమ్మ అత్త, అంటే మామ భార్య, పేటిక మీద తల పెట్టుకుని విన్నది. పాట అయిపోయినాక దావీదు పంతులు కళ్ళు తుడుచుకుని అన్నాడు, "చూసినారా, తాగుడు మళ్ళీ మొదలుపెట్టకముందు ఎట్టా పాడేవాడో."

అత్త తల ఎత్తి నా వైపు చూసింది. "అబ్బయ్యా, ఇది ఎప్పటిది?"

చర్చి మొత్తం నా వైపు తిరిగింది. ఒక్క మాట. దూరం పెట్టినాక పాడింది, అన్న ఒక్క మాట చాలు.

"పాతది అత్తా" అన్నాను.

ఎందుకన్నాను? ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతుండాను. భయమా? ఎవరి భయం? చచ్చిపోయిన మనిషి ముందర కూడా నా పరువు నాకు పెద్దదయిందా? ఏదో ఒక జవాబు చెప్పుకుంటాను, మరుసటి రోజుకు అది చాలదు. థూ, నా బతుకు.

అత్త ఆ క్యాసెట్టు అడిగి తీసుకుంది. చిన్న టేపురికార్డరు ఒకటి సంపాదించి రోజూ వింటుంది. టేపు చిక్కుపడినప్పుడల్లా నా దగ్గరికే తెస్తుంది. పోయిన వారం మళ్ళీ వచ్చింది. నేను స్క్రూలు విప్పి, చిక్కు తీసి, బాగుందో లేదో చూసేదానికి నా పెట్టెల్లో పెట్టినాను. మామ కూర్చున్న ముక్కాలిపీట మీదే కూర్చుని విన్నది. అయినాక కొంగుతో మొహం తుడుచుకుని, చిన్న గొంతుతో అనింది:

"నీకు గాబట్టి చెబుతుండా అబ్బయ్యా, ఎవరితోనూ అనబాక. ఊరంతా అన్నా నేను నమ్మలా. పక్కన పడుకున్నోడు, నాకు వాసన తెలియదా? కానీ ఈ పాట విన్నప్పటి నుంచి మనసు చెడిపోయింది. పాతదంటివి గదా నువ్వు. అప్పుడు ఇంత బాగుండే గొంతు, చివర్లో గుళ్ళో అట్టా గరగరమనింది అంటే, నాకు తెలియకుండా తాగినాడేమో. నన్ను గూడా మోసం చేసినాడేమో."

లోకంలో ఆయన్ని నమ్మిన మనిషి ఒక్కతే మిగిలింది. ఆమె నమ్మకాన్ని కూడా నేనే చెరిపినాను.

అప్పుడన్నా చెప్పినానా? లేదు. క్యాసెట్టు డబ్బాలో పెట్టి ఇచ్చి, "ఎండలో పెట్టబాక అత్తా" అన్నాను. ఆమె నా తల నిమిరి, చల్లగా ఉండమని చెప్పి, బస్సెక్కి పోయింది.

అప్పటి నుంచి షాపులో ఆ పెట్టెలు ఆన్ చెయ్యలేదు. నేను మంచివాణ్ణని మీరు చెప్పొద్దు. పోనీలే అని కూడా అనొద్దు. ఆమెకు చెప్పకుండా మాకెందుకు చెబుతుండావని అడుగుతారు. అడగండి.  ఆమె ముందర నోరు పెగలదు, కాయితం ముందర పెగిలింది, అంతే. రాస్తుంటే గొంతులో అడ్డం పడింది కొంచెం కదిలినట్టు ఉండాది. అంతకుమించి ఏమీ లేదు.

అత్తా, ఆ పాట పాతది కాదు. మామను బల్లకు దూరం పెట్టినాక నా షాపులో పాడింది. గరగర గ్లాసులది. పెట్టె నాది, మాట నాది. మామ తాగలేదు.